ఎడమ సింహం

రాణీబాగు గేటుకు చెరో పక్కా కూర్చున్న సింహాలను మలిచిన మేస్త్రీ జన్మలో సింహాన్ని చూసి ఉండడని హైమకు ఒక్క చూపులోనే తెలిసిపోయింది. జూలు ఉండాల్సిన చోట నడిమి పాపిడి తీసిన ఉంగరాల జుట్టు ఉంది. మీసాలు పిల్లి జాతివి కావు, పట్వారీ జాతివి. రెండూ నోరు బాగానే తెరిచాయి గానీ గర్జిస్తున్నట్టు లేదు. పంక్తిలో కూర్చున్నాక తమ విస్తట్లోకే పప్పు రాలేదని చెప్పబోతున్నట్టుంది.

ఆమె స్కూటీకి స్టాండు వేసి, సంచిలోంచి నోటుపుస్తకం తీసి, "గచ్చు సింహాలు, రెండు" అని రాసుకుంది. రాసుకోకపోతే మరిచిపోయే సంఖ్యేం కాదు. కానీ బోర్డు రాసే మనిషి చేతిలో పుస్తకం ఉండాలి కదా.

ఒకప్పుడు సంస్థానం రాణి ఎండాకాలం సాయంత్రాలు గడిపిన తోట అది. తర్వాత యాభై ఏళ్లు తుమ్మచెట్లూ తొండలూ గడిపాయి. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కమిటీ కట్టి, పొదలు కొట్టించి, దారులు తేల్చారు. ఆదివారం తెరుస్తున్నారు. కమిటీ పెద్ద బుజ్జిబాబు సోమవారం, కోస్తా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న క్యాంపులో వాళ్లింటికి వచ్చి, కాఫీ తాగి, "నువ్వు ఎమ్మే తెలుగు గదమ్మా హైమా, తోట చరిత్ర ఓ నూట ఇరవై మాటల్లో రాసిపెట్టు. నిజామాబాద్‌లో గ్రానైటు పలక మీద చెక్కిద్దాం" అన్నాడు. ఆ ఎమ్మే అప్పటిదాకా క్యాంపులో పెళ్లి శుభలేఖల్లో ఒత్తులు సరిదిద్దడానికే పనికొచ్చింది.

వెనక సీటు మీద నుంచి అత్తగారు హనుమాయమ్మ దిగడం ఒక కార్యక్రమం. ముందు సంచి దిగింది, తర్వాత కర్ర, తర్వాత ఎడమ కాలు, మోకాలిని ఉద్దేశించి రెండు మాటలు, తర్వాత మిగతా మనిషి. దిగుతూనే చెప్పులు విడిచి, తిన్నగా ఎడమ వైపు సింహం దగ్గరికి పోయి, దాని పంజా తాకి, లెంపలు వేసుకుంది. కొంగు ముడిలోంచి కొత్త బెల్లం ముక్క తీసి సింహం కింది దవడ మీద పెట్టింది.

"అత్తయ్యా, అది గేటు సింహం."

"నీకు గేటు సింహం. నాకు నరసింహస్వామి. వెంకట్రావుని ఇచ్చింది ఈ స్వామే."

స్వామి ఇచ్చిన వెంకట్రావు, హైమ మొగుడు, ఈ వేళకు ఇంట్లో టీవీ వార్తల ముందు గురక పెడుతూ ఉంటాడు. అందుకు స్వామిని ఏమీ అనలేం.

"మరి సింహం నోట్లోంచి నీళ్లు వచ్చేవంటారుగా? వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని లోపలికి పోయేవాళ్లట."

"అది కుడిది. కుడిది నల్లా, ఎడమది స్వామి. నేను వచ్చినన్నిసార్లూ దీన్నోట్లోంచి చుక్క రాలేదు."

హైమ "కుడి సింహం: నీళ్లు" అని రాసుకుంది.

"లోపలికి వస్తారా?"

"లోపల ఏముంది, చెట్లేగా. నేనెప్పుడూ పోలేదు. స్వామి ఇక్కడుంటే లోపల నాకేం పని?" అని హనుమాయమ్మ అరుగు మీద కూర్చుంది.

హైమ పేజీ తిప్పి, ముందే రాసి పెట్టుకున్న చివరి వాక్యం మరోసారి చదువుకుంది. "తోటమాలి దురాశకు సింహం గొంతు ఎండిపోయింది." తోటమాలి ఇత్తడి గొట్టం పీకి అమ్ముకున్నాడని, అప్పటి నుంచే నీళ్లు ఆగిపోయాయని ఈ చుట్టుపక్కల పాలు పోసేవాడి దగ్గర్నుంచి పట్టాదారు వరకు అందరూ చెప్పే మాటే. కానీ ఇంత పొందిగ్గా ఎవరూ చెప్పలేదు. నిన్న వంకాయ కూర కలుపుతూ పైకే చదువుకుంది. కూర కూడా బాగా కుదిరింది.

"అక్కా, బోర్డు రాసేది మీరేనంట గద?"

తెల్ల కోటు చేతి మీద వేసుకున్న ఒకామె రోడ్డు దాటి వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. "నా పేరు లిడియా. బోధన్‌ల నర్సును. అగో, గక్కడ ఛాయ్ హోటల్ ముంగట బెంచీ మీద కూసున్నది మా బాపు. సీమోను. ఈ తోట మాలి."

హైమ అటు చూసింది. ఎనభై ఏళ్ల ముసలాయన వీపు కనిపించింది. బెంచీకి రెండు వైపులా చోటున్నా, గేటు వైపు వీపు పెట్టి గోడకేసి కూర్చున్నాడు.

"రోజు ఛాయ్ తాగనీకి గీడికే వస్తడు. ఊర్ల ఇంకో రెండు హోటళ్లు ఉన్నయి. అయినా గీడికే. యాభై ఏండ్ల సంది గేటు మాత్రం దాటలే." లిడియా గొంతు తగ్గించింది. "మా బాపు గొప్పోడని రాయుమంటలేనక్కా. దొంగ అని రాయకుండ్రి, గంతే. ఇప్పటిదాంక నోటిమాట. ఒకరన్నరు, ఇంకొకరు మరిచిండ్రు. రాయి మీద చెక్కితె నా మనవలు గూడ చదువుతరు."

హైమ బొటనవేలు లోపల ఉండగానే పుస్తకం మూసేసింది. "ఇంకా ఏమీ రాయలేదమ్మా" అంది.

లిడియా ఆ బొటనవేలు వైపు ఒకసారి చూసి, తల ఊపి వెళ్లిపోయింది.

"ఎవరే ఆ అమ్మాయి?" అంది హనుమాయమ్మ అరుగు మీద నుంచి.

"నర్సు."

"నా మోకాలి సంగతి అడక్కపోయావా?"

*

గురువారం పొద్దున బోధన్ నుంచి వచ్చిన ప్లంబరు విష్ణు ఎడమ సింహం ముందు గొంతుక్కూర్చుని, టార్చి వేసి, పళ్ల డాక్టరులా దాని నోట్లోకి చూస్తున్నాడు. బోర్డు నిలబెట్టే చోటు కొలవడానికి హైమ టేపు పట్టుకుని వచ్చింది.

"అది కాదు బాబూ, కుడిది."

"కుడిదాంట్ల ఏం లేదు మేడం. నోరుంది, గొంతు లేదు. గట్టి గచ్చు. లైను మొత్తం దీనికే ఉంది, సూడుండ్రి."

ఆమెను గేటు బయటే, సింహం పక్కనున్న గోడ వెనక్కి తీసుకుపోయి చూపించాడు. కమిటీవాళ్లు మళ్లీ నింపిన దిబ్బ మీది తొట్టి నుంచి ఒక గొట్టం గోడ వెంట వచ్చి, సింహం పొట్ట కిందికి దూరింది. మధ్యలో చక్రంలాంటి వాల్వు. విష్ణు పాత గొట్టాన్ని స్క్రూడ్రైవరుతో గీకాడు. పసుపుపచ్చగా మెరిసింది.

"ఇత్తడి" అన్నాడు.

"అది ఎవరో పీకి అమ్ముకున్నారుగా?"

"అమ్ముకుంటే గిది ఏంది మేడం? లోపటిది పీకాల్నంటే సింహం మెడ పలగ్గొట్టాలె. మెడకు దెబ్బ తాకినట్టుందా?"

హైమ మెడ చూసింది. ఉంగరాలు ఒక్కటీ చెదరలేదు. యాభై ఏళ్లుగా ఇన్ని ఊళ్లవాళ్లు ఆ కథ చెప్పుకున్నారు. గోడ వెనక్కి వచ్చి చూసినవాళ్లు లేరు. వాళ్లకైనా పొలం పనులున్నాయి. తను ఎమ్మే చదివీ చూడలేదు.

విష్ణు స్ప్రింగు వైరు చివర కొంకి వంచి సింహం నోట్లోంచి గొంతులోకి పంపాడు. మెలితిప్పాడు, లాగాడు, మళ్లీ తిప్పాడు. "మెత్తగ తగులుతుంది ఏదో" అన్నాడు. నుదుటి చెమట భుజానికి తుడుచుకుని, కాలు సింహం ఛాతీకి అదిమిపెట్టి బలంగా లాగాడు. పాత చింతపండు ముద్దలాంటిది ఒకటి ఊడివచ్చి అతని ఒళ్లో పడింది. పైన నల్లగా ఉంది. బ్లేడుతో కోస్తే లోపలి మడతల్లో ఇంకా పసుపు రంగు ఉన్న గుడ్డ. మడతల నిండా ఆవగింజల్లా ఎండిపోయిన చీమలు. వాటి మధ్య బొటనవేలంత వెండి ఉయ్యాల.

"ఎవలో ముడుపు కట్టిండ్రు మేడం!" విష్ణు పడీపడీ నవ్వాడు. "నల్లాల ముడుపేందమ్మా! మొక్కు తీర్సుమని ప్లంబర్ను మొక్కిండ్రా ఏంది?"

హైమ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

ఆ ఉయ్యాలను హైమ ఎప్పుడూ చూడలేదు, విన్నది. క్యాంపులో ఏ కోడలు నెల తప్పినా హనుమాయమ్మ ఆ సంగతి చెప్పేది. బొటనవేలంత ఉయ్యాల, నాలుగు గొలుసులు, ఒకటి తెగితే కంసాలి రాగి తీగ వేశాడు. "ఏ గుళ్లో ఇచ్చారత్తయ్యా?" అంటే "స్వామి గొంతులో వేశా" అనేది. ఎమ్మే చదివిన మనిషి గనక హైమ దాన్ని అలంకారం అనుకుంది.

మూడు గొలుసులు నల్లబడి ఉన్నాయి. నాలుగోది ఎర్రగా ఉంది.

"ఏం దొరికిందమ్మా?" బుజ్జిబాబు అప్పుడే కారు దిగాడు.

"చెత్తండీ." హైమ పిడికిలి మూసింది. "గొట్టం మాత్రం అలాగే ఉంది. ఎవరూ అమ్మలేదు."

బుజ్జిబాబు గోడ వెనక్కి వెళ్లి, చెప్పకుండా దిగిన చుట్టాన్ని చూసినట్టు గొట్టాన్ని చూశాడు. "ఉందా! ఉంటే మాత్రం? ఇంకేదో చేసే ఉంటాడు. ఊరికే పనిలోంచి తీసేస్తారా ఎవరైనా? ఆ వాక్యం ఉండనీమ్మా. దురాశ, గొంతు ఎండిపోవడం, బాగా కుదిరింది. స్కూలు పిల్లలు వస్తారు, నీతిగా ఉంటది. ఈ రెండు రోజుల్లో చెక్కడం అయిపోవాల."

*

సీమోను ఇల్లు తోట వెనక వాడలో, చర్చికి నాలుగిళ్ల అవతల ఉంది. వాకిట్లో పెయింటు డబ్బాల్లో గులాబీలూ క్రోటన్లూ వరుసగా నిలబడి ఉన్నాయి. ముసలాయన దానిమ్మ చెట్టుకు అంటు కడుతున్నాడు. కొమ్మకు రెండు వేళ్ల వెడల్పున బెరడు ఉంగరంలా తీసి, తడిమట్టి ముద్ద పెట్టి, గుడ్డ చుట్టి, దారం బిగిస్తున్నాడు. చేతులు వణుకుతున్నాయి, దారం మాత్రం వణకడం లేదు.

హైమ అరచెయ్యి తెరిచి చూపింది. ఆయన ముడి వెయ్యడం పూర్తి చేసి, దారం కొన కొరికి, అప్పుడు చూశాడు.

"అచ్చిందా బయటికి" అన్నాడు.

"ఇది అక్కడుందని మీకు తెలుసా?"

"తెల్వకేం తల్లీ. నా కండ్ల ముంగటనే పెట్టింది. మీరు గామె కోడలా?" ఆయన డబ్బా బోర్లించి కూర్చోమన్నాడు. "ఏటేటా కొత్త బెల్లం రాంగనే అత్తుండె. కాలువ కట్ట మీద ఎర్ర చీర కనబడంగనే నేను వాల్వు బంద్ చేసేటోన్ని. మొక్కెతందుకు అచ్చినామె మీద నీళ్లు వడితె పరేషాన్ అయితది గద. మొక్కి పోయినంక సింహం నోట్ల పెట్టిన మూటను కొంకి పెట్టి గుంజి, బెల్లం పిల్లగాండ్లకు పెట్టి, మల్ల నీళ్లు ఇడిసేటోన్ని. గట్ల మూడేండ్లు నడిసింది. నాలుగో ఏడు చెరుకు గడ వట్టుకచ్చింది. గడతోని మూటను లోపటిదాంక తోసింది. నా కొంకి అందలే."

"ఆ సంగతి చెప్పలేకపోయారా?"

"వారంల పట్నం నుంచి దొరసాని చుట్టాలు అచ్చిండ్రు. సింహం నీళ్లు ఇడుస్తలేదు. గుమాస్తా గొట్టం ఏం జేసినవురా అన్నడు. చెప్తె మెడ పలగ్గొట్టి తీస్తుండిరి. తీసి ఏడ పారేస్తుండిరో." సీమోను దారం ఉండ చుట్టుకుంటున్నాడు. "గప్పుడు గామె కడుపుతోని ఉంది. ఊరు గాని ఊరు. అమ్మ లేదు, అక్క లేదు. ఉన్న ధైర్యం గా సింహం ఒక్కటే. గది సామి గాదు, నల్లా అని నేనెట్ల చెప్పాలె?"

"మీరు నమ్ముతారా ఆ సింహాన్ని?"

ఆయన నవ్వాడు. పై వరుసలో రెండే పళ్లు. "నేను చర్చికి పోయేటోన్ని. సింహానికి ఏటేటా సున్నం ఏసినోన్ని. గది సున్నమని నాకంటె ఎవలికి ఎరుక? కని గామె నమ్మింది గద." దారం ఉండ జేబులో వేసుకున్నాడు. "నెల దినాలకు మల్ల పనిల వెట్టుకుంటరనుకున్న. పెట్టుకోలే."

గడప దగ్గర గ్లాసులు టకటకమన్నాయి. లిడియా ఛాయ్ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో గ్లాసుల మీద కట్టిన మీగడ చెబుతోంది.

"బాపూ, నీకు తెల్సా?"

సీమోను అంటు కట్టిన కొమ్మ వైపు తిరిగాడు.

"బడిల నన్ను గొట్టం లిడియా అంటుండిరి. ఏడ్సుకుంట ఇంటికి అస్తె నెత్తి నిమిరి బెల్లం ముక్క పెట్టేటోనివి. తెల్సి ఊకున్నవా?"

"గామెకు పిల్లగాడు మంచిగ పుట్టిండని తెల్సింది బిడ్డా. ఇగ గప్పుడు చెప్పబుద్ధి కాలే."

లిడియా పళ్లెం బట్టలుతికే బండ మీద పెట్టింది. ఛాయ్ సగం ఒలికింది. తుడవకుండా లోపలికి పోయింది.

"గామెకు మాత్రం చెప్పకుండ్రి తల్లీ" అన్నాడు ముసలాయన నెమ్మదిగా. "ముసలి పానం."

"మరి మీ ప్రాణం?"

"నాకు అలవాటైంది."

హైమ ఒలికిన గ్లాసులోంచి మిగిలిన సగం ఛాయ్ తాగింది. తాగకుండా లేస్తే ఇంకెవరో బాధపడేట్టున్నారు.

*

హనుమాయమ్మ ఏరిన బియ్యంలో రాయి ఎన్నడూ మిగల్లేదు. శుక్రవారం పొద్దున చేట ముందు పెట్టుకుని, కళ్లద్దాల కోసం ఆమె లోపలికి వెళ్లినప్పుడు హైమ ఉయ్యాలను బియ్యంలో పెట్టింది. చెప్పకండి అన్న మనిషికి ఇచ్చిన మాటేమీ లేదు. మాట ఇమ్మని ఆయన అడగలేదు, తను ఇవ్వలేదు. రాత్రంతా ఆలోచించి ఆమె పట్టుకున్న సందు అదొక్కటే.

హనుమాయమ్మ వచ్చి కూర్చుంది. చూపుడువేలు బియ్యం మీద నడిచింది. మట్టిబెడ్డ, వడ్లగింజ, నల్లరాయి, ఒక్కొక్కటీ చేట అంచుకు పోయాయి. ఉయ్యాల దగ్గర వేలు ఆగింది. దాన్ని అంచుకు తొయ్యలేదు. తీసి, కళ్లద్దాల దగ్గరగా పెట్టుకుని, గొలుసులు ఒక్కొక్కటే విడదీసింది.

"రాగి తీగ" అంది.

"ఎడమ సింహం గొంతులో దొరికింది. అదే నల్లా అత్తయ్యా. కుడిది ఉత్త నోరు."

హైమ మిగతాది చెప్పింది. విశేషణాలు వెయ్యలేదు. హనుమాయమ్మ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఈ ఇంట్లో పాతికేళ్లలో అది మొదటిసారి.

"గడతో నేనే తోశా" అంది చివరికి. "కోతులు ఎత్తుకుపోతాయని. మంచి గడ. కొత్త చెరుకు." చేట పక్కకు జరిపింది. "నేను మొక్కుతుంటే గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు. బక్కగా ఉండేవాడు. కట్ట మీద నడిచొచ్చానని చెంబుతో నీళ్లు ఇవ్వబోయేవాడు. ప్రతి ఏడూ. నేను తీసుకునేదాన్ని కాదు."

"ఎందుకని?"

"ఎందుకేంటి? ఆ రోజుల్లో అంతే." చేట మళ్లీ ముందుకు లాక్కుంది. రెండు బెడ్డలు తీసింది. "ఆ రోజుల్లో అంతే" అంది మళ్లీ, ఈసారి బియ్యానికి చెబుతున్నట్టు.

వంటింట్లో పాలు పొంగుతున్న వాసన వచ్చింది. ఇద్దరూ లేవలేదు.

"అతనికి నోరు లేదా? ఒక్క మాట చెప్పొచ్చుగా నాకు!"

"ఇప్పుడు కూడా మీకు చెప్పొద్దనే అన్నాడు."

హనుమాయమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. చాలాసేపు తుడిచింది.

"ఆ బోర్డు కాయితం పట్రా."

హైమ తెచ్చింది. అత్తగారు వేలు పెట్టి వరుసగా చదివి, చివరి వాక్యం దగ్గర ఆగింది.

"ఇదెవరు రాశారు?"

"నేనే."

"బాగా రాశావు. తీసెయ్."

హైమ కొట్టేసింది. అంతకంటే నున్నగా ఏ గీతా ఆమె గియ్యలేదు.

"రాయి. ఎడమ సింహం గొంతులో ముడుపు తోసి నీళ్లు ఆపింది హనుమాయమ్మ."

"మీ పేరెందుకు అత్తయ్యా? ఒక భక్తురాలు అందాం."

"అతని పేరు యాభై ఏళ్లు ఊరి నోట్లో నలిగింది. నాది రాయి మీద ఉంటే అరుగుద్దా? ఇంటిపేరు కూడా రాయి. క్యాంపులో ఇంకో హనుమాయమ్మ ఉంది, దానికి పోతుంది మళ్లీ."

బుజ్జిబాబు ఒప్పుకోడని ఇద్దరికీ తెలుసు. హైమ ఆ సంగతి అత్తగారితో చర్చించలేదు. పాలగిన్నె కడిగి, చేతులు తుడుచుకుని, నిజామాబాద్‌లో చెక్కేవాడికి ఫోను చేసింది. కొత్త కాయితం ఫోటో పంపింది. కమిటీ పెద్ద పేరు మాత్రం రెండంతలు లావుగా, అన్నిటికంటే పైన చెక్కమంది. తన పేరు అంత పెద్దగా కనబడ్డ మనిషి కిందికి చదవడని ఆమె లెక్క. శనివారం పలక వచ్చింది. బుజ్జిబాబు చూసి, "బ్రహ్మాండం" అని, గుడ్డ కప్పించాడు.

*

ఆదివారం పదకొండుకు చర్చి విడిచిపెట్టారు. రాణీబాగు ముందు షామియానా, కుర్చీలు, మైకు. రోడ్డవతల బెంచీ మీద సీమోను ఎప్పట్లా గోడకేసి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పక్కన లిడియా. ఆమె తండ్రితో మాట్లాడటం లేదని కూర్చున్న తీరే చెబుతోంది. చొక్కా ఇస్త్రీ చేసింది మాత్రం ఆమేనని మడతలు చెబుతున్నాయి.

బుజ్జిబాబు గుడ్డ లాగాడు. అతని పేరు ఎండలో మెరిసింది. చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. అతను మైకు దగ్గరికి మళ్లుతుండగా ముందు వరుస కుర్చీలోంచి హనుమాయమ్మ కర్రతో నేల మీద కొట్టింది.

"బుజ్జిబాబూ, నాకు కళ్లు ఆనవు. కాస్త గట్టిగా చదువు. అంతా చదువు."

పెద్దావిడ అడిగితే కాదనలేడు. అతను సంతోషంగానే మొదలుపెట్టాడు. రాణిగారి సాయంత్రాలు, మామిడి అంట్లు, దిబ్బ మీది నీళ్ల తొట్టి, గచ్చు సింహాలు. చివరి రెండు వాక్యాలకు వచ్చేసరికి గొంతు తగ్గింది. మైకు తగ్గలేదు.

"ఎడమ సింహం గొంతులో ముడుపు తోసి నీళ్లు ఆపినది... పోలవరపు హనుమాయమ్మ. ఆ నింద యాభై ఏళ్లు మోసినది తోటమాలి సీమోను."

అతను హైమ వైపు చూశాడు. హైమ తన చేతిగాజులు సరిచేసుకుంటోంది.

మైకు మాట రోడ్డు దాటి హోటలు గోడకు తగిలింది. బెంచీ మీది వీపు కదల్లేదు. ఛాయ్ గ్లాసు మాత్రం నోటికీ ఒడికీ మధ్య ఆగిపోయింది. లిడియా దాన్ని ఆయన చేతిలోంచి తీసి పక్కన పెట్టి, ఆ చెయ్యి పట్టుకుంది.

హనుమాయమ్మ లేచింది. కర్ర ముందు, ఎడమ కాలు తర్వాత, మోకాలికి ఏమీ చెప్పకుండానే రోడ్డెక్కింది. చెరుకు ట్రాక్టరు ఒకటి హారన్ కొడుతూ వచ్చింది. ఆమె అటు చూడకుండా చెయ్యెత్తింది. ట్రాక్టరు ఆగింది. ఆమె బెంచీ చుట్టూ తిరిగి, గోడకూ సీమోనుకూ మధ్య ఉన్న జానెడు చోటులోకి వెళ్లి, ఆయన ముఖం ముందు నిలబడింది.

"లే" అంది.

"ఏందమ్మా, గిట్ల జేస్తివి? రాయి మీద ఎందుకు వెట్టిస్తివి?"

"నీ సంగతి నాకు ఎవరు చెప్పారని అడగవా?"

"మీ కోడలే. గామె ముఖం సూస్తేనే తెల్సింది, కడుపుల మాట దాగదని."

"అయితే లే. నీళ్లు ఆపింది నేను. తిప్పాల్సింది నువ్వు. నాకా చక్రం ఎక్కడుందో కూడా తెలీదు."

సీమోను కూతురి వైపు చూశాడు. లిడియా కళ్లు తుడుచుకుని, తండ్రి కర్ర తీసి చేతికిచ్చింది. "పో బాపు" అంది. మూడు రోజుల తర్వాత అదే మొదటి మాట.

గేటు ముందు ఆయన ఆగలేదు. ఆగితే పోలేనని తెలిసినవాడిలా తిన్నగా సింహం పక్క గోడ వెనక్కి వెళ్లాడు. చక్రం మీద చెయ్యి వేశాడు. విష్ణు సాయం రాబోతే మోచేత్తో ఆపాడు. ఎన్ని చుట్లో ఆ చేతికి గుర్తుంది.

ముందు సింహం గొంతులోంచి నిట్టూర్పు వచ్చింది. తర్వాత దగ్గు. తర్వాత పాకం రంగు నీళ్లు, ఒక పసుపు దారప్పోగు, ఆ వెనక తేటగా, చెయ్యంత లావున ధార. పట్వారీ మీసాలు తడిసి మెరిశాయి. ఇన్నేళ్లకు విస్తట్లో పప్పు పడ్డవాడిలా ఉంది సింహం.

హనుమాయమ్మ అలా చూస్తూ నిలబడింది. స్వామి నోట్లోంచి నీళ్లు రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు. నీళ్లున్న రోజుల్లో ఆమె వచ్చిన ప్రతిసారీ ఒకరు గోడ వెనక నిలబడి ఆపారు. చేతులు జోడించడానికి లేచాయి, సగంలో ఆగాయి, అక్కడే ఉండిపోయాయి.

సీమోను గోడ వెనక నుంచి వచ్చి, హోటలు అబ్బాయి తెచ్చిన స్టీలు చెంబు ధార కింద పట్టాడు. నిండింది. అలవాటుగా కాస్త దూరంలోనే ఆగి, రెండు చేతులతో ముందుకు చాచాడు. చాచినవాడు ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకోబోయాడు.

ఆమె అందుకుంది. ఎత్తి పోసుకోలేదు. చెంబు అంచు పెదాలకు ఆనించి, కరిచి, గుటక గుటకగా సగం తాగింది. గడ్డం మీద నుంచి నీళ్లు కారి చీర మీద పడ్డాయి. చెంబు తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"చల్లగా ఉన్నాయి" అంది.

ఆయన మిగిలిన సగం తన కాళ్ల మీద పోసుకున్నాడు, ముందు కుడి కాలు, తర్వాత ఎడమ కాలు. సింహం అక్కడ కూర్చున్నది అందుకే. తడి పాదాలతో గేటు దాటాడు. రాళ్ల దారి మీద రెండు అడుగుల జాడలు పడ్డాయి, మూడు పడ్డాయి.

"ఆగు సీమోనూ" అని వెనక నుంచి హనుమాయమ్మ కేకేసింది. చెప్పులు వేసుకుంటోందో విడుస్తోందో ఆమెకే తెలియకుండా ఉంది. "నేనూ వస్తున్నా. లోపల ఏముందో నేను మాత్రం ఎప్పుడు చూశాను?"